అమ్మీ పంచిన వాటాలు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడు ఈ సమావేశంలో స్కాలర్‌షిప్పుల లెక్క, వితంతు సహాయం లెక్క, జకాత్ నిధి లెక్క చదవడం మనకు ఆనవాయితీ. ఈసారి కార్యదర్శిగారు మమ్మల్ని పిలిచి, "లెక్కలు మేము చదువుకుంటాము. మీరు మీ అమ్మీ గురించి నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. మేము ఆరుగురము, ముగ్గురు అన్నదమ్ములు, ముగ్గురు అక్కచెల్లెండ్రు, ఒక రాత్రి కూర్చుని మాట్లాడుకున్నాము. ఒకరు వంట గుర్తు చేస్తే, ఒకరు తిట్లు గుర్తు చేశారు. ఎంత మాట్లాడినా చివరకు అమ్మీ సంగతి కూడా లెక్కల దగ్గరికే వచ్చి ఆగింది. అందుచేత మేము చెప్పబోయేది కూడా ఒక విధమైన జమాఖర్చే. మాట్లాడేది ఒక నోరైనా మాట ఆరుగురిదీ అని మనవి.

మా ఇల్లు శంభునిపేటలో. రెండు గదుల పెంకుటిల్లు, ముందర వసారా, వాకిట్లో జామచెట్టు, ఒక మూల చేదబావి. అబ్బా ఆజంజాహి మిల్లులో కార్మికుడు. ఆజంజాహి మిల్లు అంటే ఇప్పటి పిల్లలకు పేరు మాత్రమే తెలుసు. 1934లో ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, ఆయన పెద్ద కుమారుడు ఆజంజా పేరు మీద వెలసిన బట్టల మిల్లు అది. 2002 నాటికి మూతబడింది. తరువాత ఆ కట్టడాలూ పోయినవి. మా చిన్నతనంలో మాత్రం సగం వరంగల్లుకు ఆ మిల్లు కూతే గడియారం. కూత వినిపిస్తే అమ్మీ పొయ్యి మీద చాయ్ పెట్టేది. అబ్బా సైకిలు దిగే వేళకు చాయ్ సిద్ధంగా వుండేది.

అమ్మీ బడికి పోలేదు. ఖురాన్ చదివేది, ఉర్దూ కూడబలుక్కుని చదివేది. తెలుగు అక్షరం రాదుగాని తెలుగు మాట మాత్రం వరంగల్లు వాళ్ళందరి కంటే గట్టిగా మాట్లాడేది. ఇంట్లో ఉర్దూ, వాకిట్లో తెలుగు, కోపం వస్తే రెండూ కలిసి వచ్చేవి. అబ్బా కొత్తవాడ నుండి షత్రంజీలు నేసేవారి నూలు సైకిలుకు కట్టుకుని తెచ్చేవాడు. వరంగల్లు షత్రంజీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు పత్రికలలో ఫొటోలు చూశాము. ఆ నేత వెనుక ఇండ్లలో కూర్చుని నూలు చుట్టిన ఆడవాళ్ళు ఎందరో వున్నారు. మా అమ్మీ వారిలో ఒకతె. మధ్యాహ్నం పని తీరిన తర్వాత వసారాలో రాట్నం ముందర కూర్చుంటే అసర్ నమాజుకే లేచేది.

ఆ నూలు పైసలు ఆమెవి. ఇంటి పైసలు వేరు, ఆమె పైసలు వేరు. రెండు డబ్బాలు పక్కపక్కనే వుండేవి. నెలాఖరున అబ్బా చేతిలో పైసలు ఆడకపోతే అమ్మీ డబ్బాలో నుండి చేబదులు తీసుకునేవాడు. జీతం రోజున ముందుగా ఆ చేబదులు తీర్చిన తర్వాతనే మిఠాయి పొట్లం విప్పేవాడు. "మీ ఆయన దగ్గర కూడా బాకీ వసూలు చేస్తవా బీబమ్మా?" అని పక్కింటివాళ్ళు నవ్వేవారు. "ఆయనే గదా మొగోడు, మాట మీద నిలబడేటోడు. పరాయోనికైతే ఇస్తనా?" అనేది. అబ్బా మీసాల చాటున నవ్వుకునేవాడు. ఆ ఇద్దరి మధ్య ప్రేమ మాకు ఆ లెక్కలలోనే కనిపించేది.

కోళ్ళు గుడ్లు పెట్టిన రోజు మా ఇంట్లో పండుగే. ఎనిమిది మందికి రెండు గుడ్లు ఉడకబెట్టేది. కత్తితో కోస్తే పచ్చసొన అంటుకుని పోతుందని దారం తీసుకుని, ఒక కొన పంటితో పట్టి, ఒక్కొక్క గుడ్డును నాలుగు ముక్కలు చేసేది. తరువాత ఒక నియమం. ముందుగా అందరికంటె చిన్న పిల్ల తీసుకోవాలి. చివరకు కోసినవాళ్ళు తీసుకోవాలి. "కోసేటోళ్ళు ఆఖరుకు తీసుకోవాల్నంటే చెయ్యి సక్కగ కోస్తది" అనేది. పెద్దయిన తర్వాత ఎన్నో కార్యాలయాలు చూశాము, ఎన్నో కమిటీలలో కూర్చున్నాము. ఇంతకంటె మంచి రూలు మేము ఎక్కడా చూడలేదు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించవలెను. ఆ ఎనిమిది ముక్కలలో ఒకటి అమ్మీది. ఆమె దాన్ని ఎవరికీ ఇచ్చేది కాదు, తినేది. తల్లి అంటే తాను పస్తుండి పిల్లలకు పెట్టేది అని మనము వింటాము, పొగడుతాము. అబ్దుల్ కలాంగారు తన జ్ఞాపకాలలో చెప్పుకున్నారు. యుద్ధకాలం రేషను రోజులలో తల్లి తన వంతు రొట్టెలు కూడా ఆయనకే వేసేదట. అన్నగారు చెప్పేదాకా ఆయనకు ఆ సంగతే తెలియదట. అటువంటి తల్లులకు సలాము. వారి త్యాగం వెలకట్టలేనిది. మా అమ్మీ దారి మాత్రం వేరు. "నా ముక్క నేను తినకుంటే, రేపు నీ పెండ్లామును గూడ తినద్దంటవు" అని మా పెద్దన్నతో అన్న మాట మాకు ఇప్పటికీ చెవుల్లో వున్నది. అప్పటికి అన్నకు పదేండ్లు. పెండ్లాము మాట వినగానే సిగ్గుపడి బావి దగ్గరికి పరుగెత్తాడు.

ఇక ఇంటి బయటి వాటా. రంజాను పండుగనాడు షీర్ ఖుర్మా దించగానే మొదటి గిన్నె మాది కాదు. అది పక్కింటి పద్మశాలీల ఇంటికి పోవాలి. వారింట్లో శనివారం నీసు ముట్టరు. అందుకని పాలు కాచే గిన్నె విడిగా, ఎన్నడూ మాంసం తాకని గిన్నెగా పెట్టుకునేది. సంక్రాంతికి వారి ఇంటి నుండి సకినాలు డబ్బాతో వచ్చేవి. సద్దుల బతుకమ్మనాడు వారి ఇంట్లో మలీద చేసేవారు. పీర్ల పండుగకు, దర్గాల దగ్గర ఫాతిహాకు మన ఇండ్లలోనూ మలీదే. రొట్టె, బెల్లం కలిపి నలిపిన ఆ ముద్దకు రెండు ఇండ్లలోనూ ఒకటే పేరు. చిన్నప్పుడు మేము మలీద వాళ్ళదా, మనదా అని వాదులాడుకుంటే, "తిన్నోళ్ళది" అని అమ్మీ తీర్పు చెప్పింది. సఫర్ నెలలో ఖాజీపేట దర్గాకు, హజ్రత్ సయ్యద్ షా అఫ్జల్ బియాబానీ వారి ఉర్సుకు పోయినప్పుడు కూడా మా ఆరుగురితో పాటు పక్కింటి పిల్లలు ఇద్దరు వెంట వచ్చేవారు. మా చేతిలో ఎంత పెడితే వారి చేతిలోనూ అంతే పెట్టేది.

మొదటి గిన్నె పక్కింటికి ఎందుకు అని ఒకసారి అడిగితే, అమ్మీ రాట్నం ఆపి చెప్పింది. ఆమె పుట్టింది వరంగల్లుకు దగ్గరి పల్లెలో. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినప్పుడు ఆమెకు ఏడేండ్లు. రజాకార్ల దౌర్జన్యాలతో అప్పటికే పల్లెలు మండి వున్నవి. చర్య తరువాత చాలాచోట్ల ఆ మంట ఏ పాపం ఎరుగని ముస్లిం ఇండ్ల మీద పడింది. అమ్మీ వాళ్ళను పక్కింటి రైతు తన గరిసె గదిలో దాచిపెట్టి, తలుపుకు ముందర గడ్డి మోపులు వేశాడు. ఆ ఇంటి అవ్వ మూడు పూటలు తన పిల్లలకు పెట్టిన గట్కలో నుండే వాటా తీసి, పుంటికూర వేసి, గడ్డి మోపులు జరిపి లోపలికి అందించింది. "ఆమె పిల్లలు గూడ ఆ దినం సగమే తిన్నరు. గా సగం నా కడుపుల వున్నది. నేను బతికినన్ని దినాలు గా గిన్నె తిప్పి ఇయ్యాలె" అన్నది అమ్మీ. అంతే చెప్పి మళ్ళీ రాట్నం తిప్పింది. ఆ మాట తర్వాత గిన్నె పట్టుకుని పక్కింటికి పోవడానికి మేము పోటీపడేవారము.

1988లో అబ్బా జబ్బుపడి పోయారు. అమ్మీకి అప్పటికి నలభై ఏడేండ్లు వుండవచ్చు. మాలో పెద్దవాళ్ళకు పెండ్లిండ్లు అయినవి, చిన్న చెల్లెలు బడిలో వున్నది. జనాజా లేవకముందు, అలవాటు ప్రకారం, ఎవరో పెద్దావిడ అమ్మీ చెవిలో "మహర్ మాఫ్ చేసినానని చెప్పు" అన్నది. అమ్మీ కొంగుతో మొగము తుడుచుకుని అందరికీ వినబడేటట్లు చెప్పింది. "నిఖానాడు అయిదు నూర్లు రాసుకున్నరు. ఏడేండ్లల్ల పూర్తిగ కట్టిండు. నా మనిషి బాకీదారు కాడు. బాకీదారును చేసి పంపకుండ్రి." ఆ మాటకు ఇల్లంతా ఏడ్చింది. ఒక భార్య భర్తకు ఇవ్వగలిగిన సాక్ష్యం ఇంతకంటె గొప్పది వున్నదా అని మేము ఇప్పటికీ అనుకుంటాము.

ఇద్దత్ గడువు, నాలుగు నెలల పది రోజులు, పూర్తి అయిన తరువాత అమ్మీ మా అందరినీ పిలిపించింది. అల్లుండ్లను, కోడండ్లను కూడా రమ్మన్నది. మసీదు మౌల్వీసాబును, పక్కింటి పెద్దాయనను కూర్చోబెట్టింది. ముందుగా కఫన్ దఫన్ ఖర్చు, తరువాత కిరాణం బాకీ, అబ్బా స్నేహితుని దగ్గరి చేబదులు, ఇవన్నీ తీర్చినట్లు చెప్పింది. బాకీలు తీరినాక మిగిలినదే ఆస్తి అని అందరికీ తెలియడం కోసమే ఆ మాట. మిగిలినవి ఈ ఇల్లు, అబ్బాకు రావలసిన కొంత పైకము.

సూరె నిసాలో 11, 12 ఆయతులలో ఈ వాటాలు వున్నవి. భర్త పోయినప్పుడు పిల్లలు వుంటే భార్యకు ఎనిమిదవ వంతు. అబ్బా తల్లిదండ్రులు అప్పటికే లేరు గనుక మిగిలినదంతా పిల్లలకు, కొడుకుకు రెండు పాళ్ళు, కూతురుకు ఒక పాలు. మౌల్వీసాబు కాగితం తీసి లెక్క వేయబోతే అమ్మీ ఆపింది. దస్తర్ఖాన్ పరిచి, డబ్బా వంచి చింతగింజలు పోసింది. తొమ్మిది గింజల కుప్పలు ఎనిమిది పెట్టింది. మొత్తం డెబ్బై రెండు. ఒక కుప్ప తన ముందరికి లాక్కున్నది. "ఇది నాది" అన్నది. మిగిలిన ఏడు కుప్పలలో ఒక్కొక్క కుప్పనుండి అన్నదమ్ములకు రెండేసి, అక్కచెల్లెండ్రకు ఒక్కొక్కటి పంచింది. ఏడు వరుసలు తిరిగేసరికి అన్నదమ్ములము ముగ్గురి ముందర పద్నాలుగేసి, అక్కచెల్లెండ్రము ముగ్గురి ముందర ఏడేసి గింజలు. మౌల్వీసాబు తన కాగితం చూసుకుని, "నా లెక్క కూడా ఇదే బేటీ" అన్నాడు.

అప్పుడు పెద్దాపా తన గింజలు అన్న వైపు నెట్టింది. "నాకొద్దు అమ్మీ. అన్నలకే వుండనీయి" అన్నది. అక్కడ కూర్చున్న మీ అందరికీ ఆ మాట తెలుసు. మన ఇండ్లలో ఆడపిల్ల అనే మాట అదే. వాటా తీసుకుంటే పుట్టింటి తలుపు మూసుకుంటుందని భయం. పండుగకు పిలవరని, కష్టం వస్తే రావడానికి చోటుండదని భయం. బంధువులలో ఒకరు ఆపా మాటను మెచ్చుకుని, "మంచి బిడ్డ. అయినా పెండ్లిండ్లకు ఖర్చు పెట్టినం గదా" అన్నారు కూడా.

అమ్మీ ముందుగా ఆ బంధువుకు జవాబు చెప్పింది. "పెండ్లి ఖర్చు తిన్నోళ్ళ కడుపులకు పోయింది. వాటా బిడ్డ చేతికి పోవాలె." తరువాత ఆపా గింజలను మళ్ళీ ఆమె ముందరికి జరిపింది. "చేతికి రాకముందే ఇచ్చినవంటే అది ఇచ్చుడు కాదు బిడ్డా, మొహమాటం. ముందుగాల తీసుకో. మూట కట్టుకో. నీ ఇంటికి తీసుకపో. ఏడాదికి గూడ నీ అన్నకు ఇయ్యబుద్ధి అయితే అప్పుడు తెచ్చి ఇయ్యి, నేనే మెచ్చుకుంట. ఇగ పుట్టింటి తలుపంటవా? వాటా ఇడిసిపెడితెనే తెరిచే తలుపు తలుపు గాదు, దుకాణం."

అమ్మీ అంతటితో ఆగలేదు. తన తొమ్మిది గింజలు పిడికిట పట్టుకుని, "నాకు పైసలు వద్దు. నా ఎనిమిదో పాలుకు ఈ వెనుక గది, వాకిలి, జామచెట్టు రాయండి" అన్నది. మాకు మొదట అర్థం కాలేదు. అన్న, "అమ్మీ, ఇల్లంతా నీదే, గదికి రాసేదేమున్నది?" అన్నాడు. "ఇల్లంతా నాదే అంటే ఏదీ నాది కాదన్నట్టు. ఈ గది నాదని రాస్తే, నా బిడ్డలు ఎప్పుడు వచ్చినా నా ఇంటికే వచ్చినట్టు. ఎవని దయ మీద వచ్చినట్టు గాదు" అన్నది. ఆ రోజు ఆడపిల్లలు దేనికి భయపడ్డారో దానికి ఆమె ఈ విధంగా మందు కనిపెట్టింది.

తాపీమేస్త్రీని, ఇద్దరు పెద్దమనుషులను పిలిచి ఇంటికి ధర కట్టించింది. గింజ ఒక్కింటికి సుమారు పదకొండు వందలు పడింది. చేతిలో వున్న పైకముతో కొంత, ఆ తరువాత అన్నదమ్ముల సంపాదన నుండి మిగిలినది, నాలుగేండ్లలో అక్కచెల్లెండ్రకు ముట్టింది. బాకీ వున్న గింజలు ఒక పౌడరు డబ్బాలో వుండేవి. పైసలు ఇచ్చిన ప్రతిసారీ అన్ని గింజలు తీసి ఆ చెల్లెలి చేతిలో పెట్టేది. డబ్బా ఖాళీ అయిననాడు బగార అన్నం, దాల్చా వండింది. పెద్దాపా ఆ డబ్బుతో బావగారికి కుట్టు మిషను కొనిపించింది. రెండో ఆమె గేదెను కొన్నది. చిన్న చెల్లెలి పైకము పోస్టాఫీసు పాసుబుక్కులో వుండి, తరువాత ఆమె టీచరు ట్రెయినింగుకు అక్కరకు వచ్చింది. పెద్దాపా మాత్రం ఏడాది తర్వాత గింజలేవీ అన్నకు తెచ్చి ఇవ్వలేదు. "ఇయ్యబుద్ధి కాలేదా?" అని అమ్మీ అడిగితే, "మిషను నడుస్తున్నది అమ్మీ" అన్నది. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

ఆ వెనుక గది దాదాపు ముప్పై ఏండ్లు మా అందరి ఇల్లు. ఎండాకాలం సెలవులలో మనుమలు, మనుమరాండ్రు కలిసి వాకిట్లో చాపల మీద వరుసగా పడుకునేవారు. జామకాయలు కాస్తే లెక్కపెట్టి పంచేది. గల్ఫు నుండి వచ్చిన తమ్ముడు, హైదరాబాదు నుండి వచ్చిన అన్న, అత్తగారింట్లో అలిగి వచ్చిన చెల్లె, అందరికీ ముందుగా ఆ గది తలుపే గుర్తుకు వచ్చేది. అలిగి వచ్చిన బిడ్డను అమ్మీ ఏమీ అడిగేది కాదు. ఖట్టా, ఖిచిడీ పెట్టి, నూనె రాసి తల దువ్వేది. రెండు దినాల తర్వాత అల్లుణ్ణి పిలిపించి, ఇద్దరికీ ఒకే పళ్ళెంలో వడ్డించేది. కోడండ్ల సంగతి కూడా చెప్పాలి. వారిలో ఒకరికి పుట్టింటి నుండి వాటా వస్తే, ఇంట్లో ఎవరూ ఆ డబ్బు మాట ఎత్తగూడదని ఆజ్ఞ. "అది ఆమె నాయిన ఇచ్చింది. మీ నాయిన ఇచ్చింది మీ దగ్గర వున్నది గదా" అనేది. అత్తకు, కోడండ్లకు మధ్య గొడవలు లేవని చెప్పము, వుండేవి. ఉప్పు దగ్గర, పిల్లల చదువు దగ్గర గట్టిగానే వుండేవి. పైసల దగ్గర మాత్రం ఒక్కనాడు కూడా రాలేదు.

మన ఇండ్ల అమ్మీలు తెలుగు అచ్చులోకి ఆలస్యంగా వచ్చారు. ఖదీర్‌బాబు దర్గామిట్ట కథలలో, 2012లో సాహిత్య అకాడమీ యువ పురస్కారం పొందిన వేంపల్లె షరీఫ్ జుమ్మా కథలలో మన వంటిండ్లు, మన తల్లుల మాటలు కనిపిస్తే మాకు సొంత ఇంటికి పోయినట్లయింది. కథలు రాయడం మావంటి వారికి చేతకాదు. కనీసం ఇటువంటి సావనీరులోనైనా ఎవరి అమ్మీ సంగతి వారు రెండు పుటలు రాసి పెడితే, రేపటి పిల్లలకు తాము ఎటువంటి ఇండ్లలో నుండి వచ్చారో తెలుస్తుంది.

2017 చలికాలంలో అమ్మీ మమ్మల్ని విడిచి వెళ్ళింది. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. పక్కింటి అవ్వ, నడవలేని మనిషి, ఇద్దరి భుజాల మీద చేతులు వేసుకుని వచ్చి వాకిట్లో కూర్చున్నది. ఆ మూడు దినాలు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. వారింటి నుండే అన్నం వచ్చింది.

తరువాత మేము ఆరుగురము ఆ గదిలోనే కూర్చున్నాము. అమ్మీ వాటా తొమ్మిది గింజలు. ఆమెకు భర్త లేడు, తల్లిదండ్రులు లేరు. కనుక అన్నదమ్ములకు రెండేసి, అక్కచెల్లెండ్రకు ఒక్కొక్కటి. మూడు రెండ్లు ఆరు, మూడు ఒకట్లు మూడు, కలిపి తొమ్మిది. ఒక్క గింజ తక్కువ కాలేదు, ఎక్కువ కాలేదు. ఆమె ఇదంతా ముందే లెక్క వేసుకున్నదో లేదో మాకు తెలియదు. కాని ఆ తొమ్మిది గింజలను చూసి మేము చాలాసేపు మాట్లాడలేకపోయాము.

చిన్న చెల్లెలు తన ఒక్క వాటా డబ్బుగా తీసుకున్నది. ఆమె బిడ్డ చదువుకు అవసరం. అందులో నామోషీ ఏమీ లేదు. అమ్మీ వుంటే ముందుగా ఆమెకే లెక్కబెట్టి ఇచ్చేది. మిగిలిన అయిదుగురము ఎవరి వాటా వారి పేరున కాగితం మీద తీసుకున్నాము. అలా చేతికి వచ్చిన తర్వాతనే, ఎవరికి వారుగా ఆలోచించుకుని, ఆ గదిని సాయంత్రం పూట చదువుకునే ఆడపిల్లల కోసం మన సంఘానికి ఇవ్వాలని నిశ్చయించుకున్నాము. చెల్లెలి వాటాకు మేము డబ్బు కట్టినాము గనుక గది అంతా కలిసే వస్తుంది. హిబాకు మూడు కావాలంటారు: ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకుంటున్నామని ఒప్పుకోవడం, స్వాధీనం చేయడం. మొదటిది ఈ సభలో మా నోటితో చెప్పుతున్నాము. రెండవది మీరు చెప్పాలి. మూడవది, తాళంచెవి, కార్యదర్శిగారి చేతికి ఈరోజే ఇస్తున్నాము. జామచెట్టు ఇంకా కాస్తున్నది. కాయలు మాత్రం లెక్కపెట్టి పంచవలెనని షరతు.

చివరగా ఒక మనవి. మేము చెప్పింది మా ఇంటి లెక్క. వారసులు మారితే లెక్క మారుతుంది. కనుక తెలిసినవారిని అడిగి, మీ ఇంటి లెక్క మీరు వేసుకోండి. మహర్‌ను నిఖానామా మీద రాసి వదిలిపెట్టక, బతికి వుండగానే భార్య చేతికి ఇవ్వండి. బాకీలు, ఆస్తులు ఒక పుస్తకంలో రాసి పెట్టండి. వసియ్యత్ చేయదలచుకుంటే మూడవ వంతుకు మించకుండా చేయండి. మీ ఇంట్లో ఆడపిల్ల "నాకొద్దు" అంటే వెంటనే సంతోషపడకండి. ముందుగా ఆమె చేతిలో పెట్టండి. అక్కడి నుండి ఆమె ఇష్టం. మన సంఘం పుస్తకంలో వితంతు సహాయం పద్దు కింద వున్న పేర్లలో కొన్ని, ఎవరో ఇవ్వవలసిన వాటా ఇవ్వకపోవడం వల్ల అక్కడికి వచ్చినవి కావచ్చు. ఆ పద్దు చిన్నదయితే, సంఘానికి అంతకంటె మంచి సంవత్సరం వుండదు.

అల్లా మా అమ్మీని, అబ్బాను, మీ ఇండ్లలో నుండి వెళ్ళిపోయిన తల్లిదండ్రులను మన్నించి జన్నతులో చోటు ఇచ్చుగాక. బతికి వున్న తల్లులకు ఆరోగ్యం ఇచ్చుగాక.